లక్ష్ముడి గడప దాకా వచ్చే జాడ

పొద్దుగూకితే బొమ్మదిబ్బ దారిన కుక్క కూడా నడవదని గవ్వలపేటలో అంటారు. నేను నడిచాను. ఒకే ఒక్క రాత్రి. ఆ రాత్రి చూసింది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీది ఆ ఊరు కాదు కాబట్టి మీకు చెబుతున్నాను.

గవ్వలపేట చేపలు పట్టేవాళ్ళ ఊరు. శ్రీకూర్మం దాటి తీరం పట్టుకుని పోతే వస్తుంది. తారు రోడ్డు ఊరికి కిలోమీటరు ఇవతలే ఆగిపోయింది. రోడ్డుకీ ఊరికీ నడుమ సరుగుడు తోట, తోట దాటితే పెద్ద ఇసుక దిబ్బ. దిబ్బ నెత్తిన, కాస్త పక్కకి ఒరిగి, ఒక నల్లరాతి బొమ్మ ఉంటుంది.

నడుం పైన ఆడమనిషి. నడుం కింద తాబేలు. ఉప్పుగాలికి కళ్ళు అరిగి గుంటలైపోయాయి గానీ పెదాలు ఇంకా నవ్వుతూనే ఉంటాయి. వెనక కాళ్ళు రెండూ ఎవరో, ఎప్పుడో విరగ్గొట్టేశారు. ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి, ఇది ఏదో పాత గుడి రాయి, వెయ్యేళ్ళ పైమాటే, ఇలాంటి చెక్కడం నేనింకెక్కడా చూడలేదు అని ఫోటోలు తీసుకున్నాడట. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడట. అలా చెప్పి వెళ్ళినవాళ్ళు వస్తారా ఎక్కడైనా!

ఊరివాళ్ళకి ఆ బొమ్మ తాబేలమ్మ. పగలు దేవత, రాత్రి దెయ్యం. పగలు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వెళ్ళి పసుపుముద్ద పెట్టి మొక్కుతారు. నూరు గుడ్లు పెట్టే తల్లివి, మాకు ఒక్క బిడ్డను నిలపలేవా అని. అదే తల్లి అమావాస్య రాత్రి, పోయిన కాళ్ళు వెతుక్కుంటూ దిబ్బ మీద తిరుగుతుందట. ఈడ్చుకుంటూ... ఏడ్చుకుంటూ... ఎదురుపడ్డవాణ్ణి "నా కాళ్ళేవిరా?" అని అడుగుతుందట.

నేను ఇలాంటివి విని నవ్వే రకం. పేరు జగన్నాధం, మాది కోటబొమ్మాళి దగ్గర వ్యవసాయం. చేను కలిసిరాక డ్రైవరునయ్యాను. డాక్టర్ అనూరాధ గారని, అడవి జంతువుల డాక్టరమ్మ, సముద్రపు తాబేళ్ళ ఆరోగ్యం చూస్తారు. ఆవిడ జీపు నడిపేది నేను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్ళను ఆవిడ కోసి చూస్తుంటే టార్చి పట్టుకునేదీ నేనే. చాలాసార్లు కారణం ఒకటే — వలలో చిక్కి, ఊపిరికి పైకి రాలేక, మునిగి చావడం. తాబేలు నీళ్ళలో మునిగి చస్తుందని నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. రోజూ ఆ కంపు పీల్చేవాణ్ణి దెయ్యం ఏం భయపెడుతుంది?

అలాగే అనుకున్నాను. లక్ష్ముడి గడప చూసేదాకా.

లక్ష్ముడు గవ్వలపేటవాడే. ముప్పై దాటి ఉంటాయి. ప్రతి అమావాస్య మర్నాడు తెల్లారేసరికి వాడి గడప ముందు జాడ ఉంటుంది. బొమ్మదిబ్బ మీద మొదలై, ఎండుచేపల పందిళ్ళ పక్కగా, తిన్నగా వాడి ఇంటికే వస్తుంది. రెండడుగుల వెడల్పున ఈడ్చిన చార. చారకు రెండు పక్కలా తెడ్డేసినట్టు గుర్తులు. అవి ముందుకాళ్ళవి. వెనక కాళ్ళ గుర్తులుండవు.

రావడమే ఉంటుంది... తిరిగి వెళ్ళిన జాడ ఉండదు.

దాని కథ నాకు వాడి తల్లి గున్నమ్మ చెప్పింది. కవ్వళ్ళ చేపలు ఎండబెడుతూ, అటూ ఇటూ చూసుకుంటూ, గొంతు తగ్గించి.

రెండేళ్ళ కిందట, మాఘమాసం అమావాస్య. లక్ష్ముడి పెళ్ళాం దుర్గకి నెలలు నిండాయి. అంతకు ముందు రెండు కాన్పులు కడుపులోనే పోయాయి. ఇది నిలిచింది. తొమ్మిది నెలలూ దుర్గ తాబేలమ్మకి పసుపు పెట్టని శుక్రవారం లేదు. పుట్టబోయేవాడికి ఉయ్యాల కోసం పాత వల తాళ్ళతో తనే తొట్టి అల్లుకుంది.

అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే తారు రోడ్డు చివరికి వస్తాం, అక్కడిదాకా తీసుకురండి అన్నారు. ఊళ్ళో మగవాళ్ళు సగంమంది గుజరాత్ బోట్ల మీద కూలికి పోయి ఉన్నారు. లక్ష్ముడే దుర్గ భుజం కింద చెయ్యేసి నడిపించాడు.

"నువ్వు ముందు నడిపించరా, నాను పాత గుడ్డలు మూటగట్టుకొని ఎనకాలే వస్తాను అన్నాను బాబూ," అంది గున్నమ్మ. "మూట కట్టినాను. గడప దాటబోతన్నాను... ఆడే వచ్చీసినాడు. పరిగెట్టుకుంటా. ఒక్కడే."

"కోడలు?"

"అదే అడిగినాను. మాటాడడు. నన్ను లోపలికి నెట్టీసి గెడెట్టీసినాడు. తెల్లారిందాకా తలుపుకి ఈపానించి కూకున్నాడు. వొణుకుతానే ఉన్నాడు."

లక్ష్ముడు చెప్పింది ఇది. దిబ్బ ఎక్కుతుంటే ఊపిరి వినిపించింది. మనిషిది కాదు. హుఁ... చాలాసేపు ఆగి... హుఁ... టార్చి వేశాడు. రాతిబొమ్మ నవ్వుముఖం కనిపించింది. ఎప్పుడూ ఉండే ముఖమే. కానీ ముఖం కింద ఉన్న డిప్ప... కదిలింది. ఇసుక మీద జరిగి వాళ్ళ వైపు వచ్చింది. వెలుగులో కన్నీళ్ళు మెరిశాయి. తర్వాత ఏమైందో తనకి తెలియదట. తెలివి తప్పిందట.

తెలివి తప్పినవాడు అంత దూరం పరిగెత్తి, ఇంటికొచ్చి, గెడ ఎలా పెట్టాడని గున్నమ్మని అడగలేదు. ఆవిడ ముఖం చూస్తే ఆ ప్రశ్న ఆవిడే చాలాసార్లు వేసుకున్నట్టుంది.

తెల్లవారుజామున సరుగుడాకు ఏరడానికి వెళ్ళిన ఆడవాళ్ళు దుర్గని చూశారు. బొమ్మకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చీరచెంగులో చుట్టిన మగబిడ్డ. చనిపోయి ఉన్నాడు. దుర్గ రెండు చేతులూ మోచేతుల దాకా ఇసుక, గోళ్ళు విరిగి నెత్తురు. ఏమైందే అంటే చెప్పలేదు. తాబేలమ్మ బిడ్డని తీసుకుందా అంటే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ తర్వాతి అమావాస్య నుంచే జాడ మొదలైంది.

లక్ష్ముడు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. గడపకి నిమ్మకాయలు కట్టాడు, మంత్రగాణ్ణి తెచ్చాడు, గుమ్మానికి మేకులు కొట్టించాడు. జాడ మాత్రం నెల తప్పలేదు. ఊరు వదిలిపోదామని పలాస దాకా వెళ్ళి రైలెక్కలేక తిరిగొచ్చాడట. తాబేలమ్మ ఇక్కడైతే గడప దగ్గర ఆగుతోంది, అక్కడ ఆగకపోతే ఏం చెయ్యాలి అన్నాడట.

దుర్గ ఆ ఇంట్లో ఉండటం మానేసింది. మా డాక్టరమ్మ ఊరి చివర తాబేలు గుడ్లకి కంచె కట్టించినప్పుడు కాపలా పనికి తనంతట తనే వచ్చింది. కుక్కలూ నక్కలూ తవ్వెయ్యకుండా గుడ్లు తెచ్చి ఆ కంచెలో పాతుతాం. పిల్లలయ్యాక సముద్రంలోకి వదులుతాం. ఆ పని దుర్గలా ఎవరూ చెయ్యలేరు. మెతక మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఒకసారి పిల్లల్ని వదులుతూ డాక్టరమ్మని అడిగింది.

"అమ్మా, ఇయి ఎన్ని బతుకుతాయి?"

"వెయ్యింటికి ఒకటి బతికి పెద్దదైతే గొప్ప, దుర్గా."

నేనైతే ఆ లెక్క విన్న రోజే ఈ పని దండగనుకున్నాను. దుర్గ మాత్రం అరచేతిలో పిల్లని నీళ్ళలోకి జారవిడిచి, "ఒకటి సాలు," అంది.

ఇక నా రాత్రి సంగతి.

మొన్న మాఘమాసం. గుడ్లు పెట్టే కాలం. వేకువ గస్తీకి, ఇంకా రాత్రి ఉండగానే జీపు తీసుకుని బయల్దేరాను. డాక్టరమ్మ ముందురోజే వచ్చి ఊళ్ళో ఉన్నారు. జీపు రోడ్డు చివర ఇసుకలో కూరుకుపోయింది. చేసేది లేక టార్చి పట్టుకుని నడిచాను. సరుగుడు తోట దాటాక గుర్తొచ్చింది... ఆ రోజు అమావాస్య.

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

అప్పుడు వినిపించింది.

సర్ర్... ఆగింది. సర్ర్...

ఏదో బరువైనది ఇసుక మీద ఈడుస్తున్న చప్పుడు. దిబ్బ దిగి ఊరి వైపు పోతోంది. మధ్యలో — హుఁ — అని ఊపిరి.

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. కూర్మనాథా, కూర్మనాథా అనుకుంటున్నానని కాసేపటికి గానీ నాకే తెలియలేదు. చీకట్లో నేలకి వంగిన ఆకారం... పాకుతూ... ఆగి... రెండు పక్కలా ఇసుకని కొట్టి... మళ్ళీ పాకుతూ...

వేలు తగిలి టార్చి వెలిగింది.

దుర్గ.

నడుముకి తాడు కట్టుకుంది. తాడు చివర మా కంచెలో గుడ్లు మోసే ప్లాస్టిక్ తొట్టి, నిండా ఇసుకతో. ఎడమచేతిలో విరిగిన తెడ్డు. నాలుగడుగులు ఈడుస్తుంది, ఆగి, వెనక్కి వంగి, చారకి రెండు పక్కలా తెడ్డుతో గుర్తులు వేస్తుంది. తన అడుగులు తొట్టి కింద చెరిగిపోతున్నాయి.

"లైటార్పు మావా," అంది గుసగుసగా. "ఊరు లెగుస్తాది."

ఆర్పాను. కోపం వచ్చింది.

"ఏంటమ్మా ఇది? వాడు సగం చచ్చిపోయాడు. నీకు తెలుసా?"

"తెల్సు. సగమే."

ఆ మాట అన్న గొంతు నాకు తెలిసిన దుర్గది కాదు. ఇసుకలో కూర్చుంది. నేనూ కూలబడ్డాను. ఆ చీకట్లో, నా ముఖం చూడకుండా చెప్పింది.

"ఆ రేత్రి బొమ్మ కింద కదిలినప్పుడు నాకూ బయిమేసినాది. అబద్దమెందుకు. ఆడి సెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆడు..."

ఆగింది. తెడ్డు ఇసుకలో గుచ్చింది.

"ఆడు నన్ను ముందుకి నెట్టీసినాడు మావా. 'తల్లీ, కాళ్ళు కోసినోణ్ణి నానే, తప్పయిపోనాది, నన్నొగ్గీ... ఇదిగో, ఇది కడుపుతో ఉన్నాది, దీన్ని తీసుకో' అని అరిసినాడు. అని పరిగెట్టీసినాడు."

దిబ్బ వైపు తిరిగి చెప్పింది.

"ఆడి టార్చి ఇసకలో పడి ఎలుగుతానే ఉన్నాది. ఆ ఎలుతుర్లో సూసినాను. తాబేలు మావా. ఉత్త తాబేలు. గుడ్లెట్టడానికొచ్చినాది. ఎనక కాళ్ళు రెండూ లేవు."

తాబేలు గొయ్యి తవ్వేది వెనక కాళ్ళతోనే. అది నాకు తెలుసు. కాళ్ళు లేని తాబేలు రాత్రి మీద రాత్రి ఒడ్డుకొస్తుంది, తవ్వబోతుంది, తవ్వలేక తిరిగి వెళ్తుంది. డాక్టరమ్మ చెప్పారు.

"మొండికాళ్ళు ఆడించతన్నాది. ఇసక కదల్దు. మళ్ళీ ఆడించతన్నాది. కదల్దు. కళ్ళమ్మట నీళ్ళు. దగ్గిరికి పాకి సూసినాను. మొండికాలికి వల ముక్క సుట్టుకుపోయి కండలోకి దిగిపోనాది. ఎర్ర దారం. నా ముడి."

"నీ ముడి అని ఎలా తెలుసు?"

"నాది ఎడంసేతి వాటం. మా పేటలో అటేపు తిరిగిన ముడి ఇంకెవరూ ఎయ్యరు. ఆడి వల ఎక్కడ సిరిగినా ఎర్ర దారంతో నానే కడతాను."

అంతకు ముందు ఏడు ఒక పొద్దున లక్ష్ముడు వేట నుంచి వచ్చి, వలలో తాబేలు పడింది, బొట్టు పెట్టి వదిలేశాను అని చెప్పాడట. అక్కడ అది ఆచారం. బతికున్న తాబేలు వలలో పడితే కూర్మనాథుడే వచ్చాడని డిప్ప మీద పసుపూ కుంకుమా పెట్టి, తప్పయిపోయింది స్వామీ అని దండం పెట్టి నీళ్ళలో వదులుతారు. వాడూ పెట్టాడు. ఆచారం తప్పలేదు. కాకపోతే చిక్కుపడ్డ వల కొయ్యడం ఇష్టం లేక, మొదట దాని వెనక కాళ్ళు రెండూ కోసి, ఆ తర్వాత బొట్టు పెట్టాడు.

"మంచి పని సేసినావని ఆ పూట ఆడికి కోడిగుడ్డు కూర వొండినాను," అంది దుర్గ. "వల కోసీసుంటే ఏటయ్యేది మావా? నాను కట్టేదాన్ని కాదా? నాకు ఒక్క పూట పని."

"నువ్వు రోడ్డు దాకా వెళ్ళలేకపోయావా అమ్మా?"

"లెగలేకపోనాను. అరిసినాను. అంబులెన్సు లైటు సరుగుళ్ళలోంచి కనిపిస్తానే ఉన్నాది. ఎర్రగా తిరుగుతా... గాలి ఎదురు. ఫోను ఆడి జేబులో ఉండిపోనాది. చాలాసేపు నిలబడి... ఎల్లిపోనాది."

"మరి ఆ గోళ్ళు..."

"తవ్వినాను. నొప్పి వచ్చినప్పుడు ఆగినాను, పోనాక తవ్వినాను. మోసెయ్యి లోతు. అది ఎనక్కి జరిగి గుడ్లెట్టినాది. ఇద్దరం పక్కపక్కనే... తెల్లారగట్ల బాబు వచ్చినాడు. ఒక్కసారి ఏడిసినాడు మావా. మళ్ళీ ఏడవలేదు."

తాబేలు కళ్ళ నీళ్ళు ఏడుపు కాదని, ఒంట్లో ఉప్పు అలా పోతుందని డాక్టరమ్మ ఒకసారి చెప్పారు. ఆ సంగతి దుర్గకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గుడ్లు తనే కప్పింది. చార తనే చెరిపేసింది. బొమ్మ దగ్గర కూర్చుని ఏడుస్తోంది పాపం అని ఊరంతా అనుకుంటుంటే, యాభై రెండు రోజులు ఆ గొయ్యికి కాపలా కాసింది. తొంభై ఆరు పిల్లలు బయటికొచ్చి నీళ్ళలోకి నడిచాయట. ఒక్కొక్కదాన్నీ చూసిందట.

"లక్ష్ముడికి చెప్పలేదా, అది ఉత్త తాబేలని?"

"తాబేలని తెలిస్తే ఆడు ఒక్క రోజు ఏడుస్తాడు. మర్నాడు ఏటకెల్లిపోతాడు."

"ఎన్నాళ్ళమ్మా ఇలా?"

లేచి తాడు బిగించుకుంది. "తాబేలు యాభై ఏళ్ళు బతుకుతాదని డాక్టరమ్మ సెప్పినాది కదా. అది ఇంకా మొండికాళ్ళతో ఈదతానే ఉంటాది. అది ఈదినన్నాళ్ళు."

సర్ర్... సర్ర్... ఊరి వైపు వెళ్ళిపోయింది. పని అయ్యాక అలల అంచున నడిచి కంచెకి చేరుతుందని, ఆ అడుగులు సముద్రమే తుడిచేస్తుందని నాకప్పుడు అర్థమైంది.

తెల్లవారింది. జీపు లాగడానికి మనుషుల కోసం ఊళ్ళోకి వెళ్ళాను. లక్ష్ముడి ఇంటి ముందు నుంచే దారి.

వాడు గడప ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒకప్పుడు తెడ్డేసిన భుజాలు ఎండిన కొమ్మల్లా ఉన్నాయి. చెంబుతో పసుపునీళ్ళు జాడ మీద పోస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నా పంచె అంచు పట్టుకున్నాడు.

"బాబూ... మీరు తాబేళ్ళ మనుసులు. ఒక్క మాట సెప్పండి. ఇది తాబేలు జాడేనా? గుడ్లెట్టడానికొచ్చి... దారి తప్పినాదేమో... ఆ రేత్రి కూడా తాబేలేనేమో... కదా బాబూ?"

వాడి కళ్ళలో ఆశ. ఇన్నాళ్ళూ ఒక్కడే దాచుకున్నట్టున్నాడు. ఒక్కరు అవునంటే చాలు, వాడు ఆ పూట అన్నం తింటాడు.

వెనక గుమ్మంలో గున్నమ్మ నిలబడి నా నోటి వైపే చూస్తోంది. దూరంగా, కంచె దగ్గర, తొట్టి కడుగుతూ దుర్గ తలెత్తింది.

జాలి వేయలేదని అనను. వేసింది. కానీ సరుగుళ్ళలోంచి ఎర్రగా తిరిగిన లైటు నా కళ్ళలోంచి పోవడం లేదు.

"తాబేలు ఇంత దూరం రాదు లక్ష్ముడూ," అన్నాను.

అందులో అబద్ధం లేదు.

వాడు నా పంచె వదిలేశాడు. రెండు చేతులతో తన కాళ్ళు తడుముకుని చూసుకున్నాడు. తర్వాత, ఆ కాళ్ళు తనవి కానట్టు, చేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ గడప వైపు కదిలాడు. ఇసుకలో మొదటి చార పక్కనే రెండోది పడింది.